మిద్దె మీద స్ట్రాబెర్రీ, మన ఎండకు తగ్గ గ్రీన్‌హౌస్

గ్రీన్‌హౌస్‌లో స్ట్రాబెర్రీ పెంచే వీడియోలు చూసి అలాంటిదే మిద్దె మీద కట్టించాలనుకునేవాళ్లకు ముందే ఒక మాట. ఆ వీడియోలు చాలావరకు చలి దేశాలవి, అక్కడ ఉన్న కాస్త వేడినీ లోపల పట్టి ఉంచడానికి నాలుగు వైపులా మూసేస్తారు. హైదరాబాద్‌లో అలా మూస్తే జనవరి మధ్యాహ్నం కూడా లోపల ఉక్కపోసి మొక్క తల వాల్చేస్తుంది. మా మిద్దె మీద ఉన్నది ఇనుప పైపుల ఫ్రేమ్, పైకప్పుకు ఎండకు త్వరగా చివకని 200 మైక్రాన్ల మందం ప్లాస్టిక్ (యూవీ) షీట్, పక్కలకు గాలాడే సన్న వల, అంతే. అకాల వాన, రాత్రి మంచు ఆకుల మీద పడకుండా ఆ షీట్ ఆపుతుంది, తడిసిన ఆకుకీ పండుకీ బూజు పట్టడం ఎంతసేపు! ఫిబ్రవరిలో ఎండ ముదరగానే దాని మీద సగం ఎండను ఆపే 50 శాతం షేడ్ నెట్ కప్పేస్తా.

అయితే వల కడితే తేనెటీగలు కూడా రావు, ఆ పని మనమే చేయాలి. పువ్వును దగ్గరగా చూడండి. తెల్ల రేకుల మధ్య పచ్చటి చిన్న బుడిపె, దాని నిండా వెంట్రుకల్లాంటి సన్నటి కీలాలు, చుట్టూ పుప్పొడి కేసరాలు. ఒక్కో కీలానికీ పుప్పొడి అందితేనే అక్కడ గింజ కట్టి, ఆ గింజ చుట్టూ కండ ఊరుతుంది. అందని చోట పండు నొక్కుకుపోయి గట్టిగా ఉండిపోతుంది. వంకర కాయలు కనబడగానే చాలామంది ఎరువు చాల్లేదనుకుని ఇంకో గుప్పెడు వేస్తారు, దాంతో ఆకు పెరుగుతుంది గానీ కాయ తీరు మారదు. పొద్దున పువ్వు మీది తేమ ఆరాక మెత్తటి పెయింటింగ్ బ్రష్‌తో పువ్వు మధ్యలో గుండ్రంగా తిప్పండి, అదే పువ్వుకు మర్నాడు మళ్లీ.

కుండీ లోతు ఎనిమిది అంగుళాలుంటే చాలు, వేళ్లు పెద్దగా కిందికి పోవు. కోకోపీట్ (కొబ్బరి పొట్టు), వర్మీకంపోస్ట్ (వానపాముల ఎరువు), మట్టి గుల్లగా ఉండటానికి కొంచెం పెర్లైట్ అనే తేలికపాటి తెల్ల గుళికలు కలుపుతా. కోకోపీట్‌ను మాత్రం నీళ్లు మార్చి మార్చి కడగాలి, అందులో ఉప్పు ఉంటుంది, స్ట్రాబెర్రీ ఉప్పును అస్సలు ఓర్చుకోదు. ఉప్పు ఎక్కువున్న బోరు నీళ్లు పోసినా అంతే, ఆకుల అంచులు మాడిపోతాయి. నేను నల్లాలో వచ్చే మంజీరా నీళ్లే పోస్తా. నాటేటప్పుడు ఆకులు పుట్టే ఆ మొదలు మట్టి పైకి కనబడాలి, పూడితే కుళ్లుతుంది.

నారు మహారాష్ట్రలోని మహాబలేశ్వర్ వైపు నుంచి తెప్పించుకుంటే మంచిది, వింటర్ డాన్, కామరోసా లాంటి రకాలు దొరుకుతాయి. ఇవి పగలు తగ్గి రాత్రులు చల్లబడ్డాకే మొగ్గ వేస్తాయి కాబట్టి అక్టోబరులో నాటాలి. లంబసింగిలో కొండ చలికి పొలాల్లోనే పండిస్తున్నారు, మనకు ఆ చలి ఉండేది కొన్ని వారాలే, అందులోనే కాపు తీసుకోవాలి. కాపు మీదుండగా పాకే తీగలు వస్తే ఎప్పటికప్పుడు తుంచేయండి, బలమంతా అవే లాగేస్తాయి. ఎండలు మొదలయ్యాక ఆకు అడుగున ఎర్రనల్లి అనే అతి చిన్న పురుగు చేరుతుంది, తిప్పి చూస్తే సాలెగూడు లాంటి సన్నటి గూడు కనబడుతుంది. ఆకు అడుగు తడిసేలా నీళ్లు కొట్టి, సాయంత్రం పూలకు తగలకుండా వేప నూనె స్ప్రే చేస్తే అదుపులో ఉంటుంది.

కోసే విషయంలో దయచేసి తొందరపడకండి. స్ట్రాబెర్రీ కోశాక రంగు తిరగొచ్చు గానీ తీపి పెరగదు. దూరం పంపాలి కాబట్టి మార్కెట్‌కి వచ్చేవాటిని పూర్తిగా పండకముందే కోస్తారు, ఆ పులుపు అందుకే. తొడిమ కింద తెల్ల మచ్చ కూడా పోయి మొత్తం ఎర్రబడే దాకా ఆగితే, ఆ ఫ్రేమ్ లోపలికి అడుగు పెట్టగానే వాసన తెలుస్తుంది. ఆ వాసన కోసమే నేను ఇదంతా చేస్తున్నా.

ఏప్రిల్, మే నెలల్లో మొక్కల్ని బతికించాలని కూలర్లు పెట్టేవాళ్లున్నారు. నా ఉద్దేశంలో అంత ఖర్చు అక్కర్లేదు, దీన్ని చలికాలం పంటగానే చూసుకుని మళ్లీ సెప్టెంబరులో కొత్త నారు చెప్పుకోండి. ఆ కుండీల్లో ఎండాకాలం నేను తోటకూర, బచ్చలి వేస్తా, షేడ్ నెట్ కింద రెండూ బాగా వస్తాయి.