మిగిలిపోయిన బ్రాంచి

మిత్రులారా, శ్రీకాకుళంలో ఎంబీబీఎస్ మొదటి సంవత్సరంలో హాస్టల్ మెస్‌లో మన కబుర్లు గుర్తున్నాయా? అందరి భవిష్యత్తూ అక్కడే తేలిపోయేది. రేడియాలజీ, డెర్మటాలజీ, జనరల్ మెడిసిన్, కాస్త గుండె ధైర్యం ఉన్నవాళ్ళకు సర్జరీ. ఈసీజీ కాగితం ఎటు తిప్పి చూడాలో తెలియక ముందే కార్డియాలజిస్టు అయిపోయినవాడు ఒకడుండేవాడు. ప్రొఫెసర్ అవుతానన్న మాట మాత్రం ఎవరి నోటా రాలేదు. బయోకెమిస్ట్రీ ఎండీలో చేరుతున్నానని ఫోనులో చెబితే మా అమ్మ, "ఇంత చదివీ బడిపంతులువేనా నాన్నా?" అంది. బతకలేక బడిపంతులు అన్న సామెత మన ఇళ్ళలో అంత బలంగా పాతుకుపోయింది.

ఇందులో విద్యార్థులను తప్పుపట్టడానికేమీ లేదు. కళ్ళెదుట కనిపించిన అధ్యాపకుల బతుకు అలా ఉండేది. చాలామంది విశాఖ నుంచి రోజూ వచ్చి వెళ్ళేవారు. రైలు ఎక్కాలన్నా దిగాలన్నా ఆమదాలవలస స్టేషనే గతి. సాయంత్రం వైవా, అంటే నోటి పరీక్ష, జరుగుతుంటే సారు చూపు గడియారం మీదే ఉండేది. దానివల్ల మనకూ లాభమే, రైలు వేళ దగ్గరపడే కొద్దీ ప్రశ్నలు తేలికయ్యేవి. ఇక పరిశోధన అంటే ప్రమోషన్‌కు చూపించాల్సిన పేపరు అన్న అర్థమే మన చెవిన పడింది.

మరి నేనెందుకు ఇటు వచ్చానంటే ఒక ప్రాక్టికల్ వల్ల. రక్తంలో ఫాస్ఫరస్ ఎంతుందో కనుక్కునేది. సీరంలోని ప్రోటీన్లను ఆమ్లంతో పాలలా విరగ్గొట్టి వడగట్టి, ఆ ద్రవంలో మాలిబ్డేట్, ఆ తర్వాత అన్సా అనే రసాయనాలు కలిపితే పరీక్షనాళికలో నీలం రంగు వచ్చేది. ఫాస్ఫరస్ ఎంత ఎక్కువుంటే నీలం అంత చిక్కన. రంగు చిక్కదనాన్ని కొలిచే కలరీమీటరు అంకె రికార్డులో వేసుకుని బయటపడదామని చూస్తుంటే మేడమ్ ఆపి, ఈ పద్ధతి పేరేమిటని అడిగారు. ఫిస్క్, సుబ్బారో పద్ధతి అని అందరమూ అరిచాం. ఆ సుబ్బారో ఎవరంటే ఎవరూ నోరు మెదపలేదు. భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, అక్కడి ఆయుర్వేద కళాశాలలో అనాటమీ పాఠాలు చెప్పి, ఆపైన హార్వర్డ్‌కు వెళ్ళిన ఎల్లాప్రగడ సుబ్బారావు. ఈ పద్ధతిని 1925లో ప్రకటించారు. ఆయనా కొన్నాళ్ళు పంతులే అన్నమాట.

ఆ తర్వాత మేడమ్ స్టాండులో ఇంకో నాళిక పెట్టారు. వార్డు నుంచి వచ్చిన నమూనా, కవిటి వైపు రోగిది. మా నాళికల పక్కన అది సిరాలా ఉంది. 100 మిల్లీలీటర్ల సీరంలో 2.5 నుంచి 4.5 మిల్లీగ్రాముల మధ్య ఉండాల్సిన ఫాస్ఫరస్‌ను కిడ్నీ బయటికి పంపలేకపోతే ఇలాగే పేరుకుంటుంది. "కిడ్నీ ఎందుకు పాడైంది మేడమ్?" అని వెనక నుంచి ఎవరో అడిగారు. సుగరు లేదు, బీపీ లేదు, కొబ్బరి తోటలో పని చేసుకునే మనిషి. "తెలియదు. తెలుసుకోవాల్సింది మీరే" అని ఆవిడ తర్వాతి బెంచీ దగ్గరకు వెళ్ళిపోయారు.

కవిటి ఉన్న ఉద్దానం ప్రాంతంలో ఈ కిడ్నీ జబ్బు విషయంలో నీళ్ళను, సిలికాను, పురుగుమందులను, ఎండదెబ్బను, నొప్పి మాత్రలను అనుమానిస్తూనే ఉన్నారు. ఇదీ కారణమని ఇప్పటికీ తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం తెరిచారు. మంచిదే. అయితే ఏళ్ళ తరబడి ఒకే ప్రశ్న వెంట పడే మనుషులు కూడా కావాలి కదా.

అదే ఏడాది విజయనగరంతో కలిపి రాష్ట్రంలో 5 ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. వాటిలో పాఠాలు చెప్పేవాళ్ళు కావాలి. కానీ అదే ఏడాది పీజీ సీట్లు మిగిలిపోతున్నాయని, వాటి ప్రవేశ పరీక్ష నీట్ పీజీ అర్హతను సున్నా పర్సంటైల్‌కు, అంటే పరీక్ష రాసిన అందరికీ అర్హత వచ్చేలా, దించారు. మిగిలేవి ఎక్కువగా రోగులకు వైద్యం చేసే పని లేని మా నాన్ క్లినికల్ సీట్లే. నా విద్యార్థులు లెక్కల్లో గట్టివాళ్ళు. ఎండీ 3 ఏళ్ళు, సీనియర్ రెసిడెంటుగా ఏడాది, అప్పటికి గానీ అసిస్టెంట్ ప్రొఫెసర్ కాలేరు. ఈలోగా స్నేహితుడి చర్మవ్యాధుల క్లినిక్కుకు రెండో అంతస్తు లేస్తుంది. "ప్రాక్టీసు లేకుండా ఎలా సార్?" అని జాలిగా అడుగుతారు. ఆ లెక్క తప్పని నేను వాదించను. జీతం సంగతి, పరిశోధనకు తీరిక సంగతి ప్రభుత్వాలు తేల్చకుండా పిల్లలకు త్యాగం గురించి ఉపన్యాసాలివ్వడం నాకు రుచించదు.

నేను చూసిన మేరకు వాళ్ళ మనసు మారేది ఒక్కచోటే, సొంతంగా ఏదైనా వెతికినప్పుడు. ఐసీఎంఆర్, అంటే భారత వైద్య పరిశోధన మండలి, 1979లో మొదలుపెట్టిన స్వల్పకాలిక స్టూడెంట్‌షిప్ ఉంది, విద్యార్థులు చేసే 2 నెలల పరిశోధన పని. అది చేసి వచ్చిన పిల్లలు మార్కుల గురించి కాక, నమూనా సరిపోయిందా అని అడుగుతారు. వాళ్ళలోనూ ఎక్కువమంది చివరికి రేడియాలజీకే పోతారనుకోండి.

సోంపేటలో, టెక్కలిలో, పాలకొండలో ఓపీలు చూస్తున్న మన బ్యాచ్ వాళ్ళకు ఒక మాట. కిడ్నీ దెబ్బతింటోందని చెప్పే, పెరిగిన క్రియాటినిన్ రిపోర్టులు మీ బల్లల మీదకు రోజూ వస్తూనే ఉంటాయి. ఈసారి స్టూడెంట్‌షిప్‌కు రాసే పిల్లలను మీ దగ్గరకు పంపుతాను. గైడు సంతకం, ఎథిక్స్ కమిటీ అనుమతి నా పూచీ. కేసులు చూపించడం, మధ్యాహ్నం భోజనం పెట్టడం మీ పూచీ.