గుహలో చిక్కుకున్నవారి కోసం మృత్యుంజయ జపం

ఒడిశాలోని కొరాపుట్ జిల్లా గుప్తేశ్వరంలో శివుడు సున్నపురాతి గుహలో వెలిశాడు. దగ్గర్లోనే మరో గుహ ఉంది. అందులో పైనుంచి వేలాడే రాయిని కామధేనువు పొదుగని కొలుస్తారు. దాన్నుంచి నీటిచుక్క రాలడానికి చాలాసేపు పడుతుంది. దాని కోసం భక్తులు దోసిలి పట్టుకుని కదలకుండా నిలబడతారు. సున్నపురాయిని కరిగించి గుహలు తొలిచేది వాననీరే, వానాకాలంలో దారి మూసేసేదీ అదే. 2018 జూన్ 23న థాయ్‌లాండ్‌లోని థామ్ లువాంగ్ గుహలోకి వెళ్లిన 12 మంది పిల్లలు, వాళ్ల ఫుట్‌బాల్ కోచ్ అలాగే చిక్కుకుపోయారు.

లోకమంతా వాళ్ల కోసం దేవుణ్ణి వేడుకుంది. గుహ ముందు భిక్షువులు మంత్రాలు చదివారు. ఊరివాళ్లు సహాయక బృందాలకు వండిపెట్టారు. గుహలోంచి తోడిన నీళ్లకు పొలాలు మునిగినా, నష్టపరిహారం వద్దన్న రైతులున్నారు. అదీ పూజే, సందేహం లేదు.

ఇలాంటి ఆపదలో మనవాళ్లు మృత్యుంజయ జపం చేస్తారు. స్నానం, ఆచమనం, మూడు ప్రాణాయామాలు, ఆ తర్వాత సంకల్పం. పొరపాటు ఇక్కడే మొదలవుతుంది. ఉన్న చోటు చెప్పేటప్పుడు కోస్తా పుస్తకం చూసి "కృష్ణా గోదావర్యోర్మధ్యదేశే" అనేస్తారు. దక్షిణ ఒడిశాలోని మన ఊళ్లు జయపురం, రాయగడ, గుణుపురం గోదావరికి ఉత్తరాన ఉన్నాయి కాబట్టి "గంగా గోదావర్యోర్మధ్యదేశే" అనాలి.

ఇంకో లోపం దీనికంటే పెద్దది. చిక్కుకున్నవారి క్షేమం ఒక్కటే కోరి ఊరుకుంటాం. పిల్లల కోసం దారిలో గాలి సిలిండర్లు అమర్చి తిరిగి వస్తూ, మాజీ నౌకాదళ సైనికుడు సమన్ కునాన్ జూలై 6న ఊపిరాడక ప్రాణం విడిచాడు. లోపలికి దిగేవారి క్షేమం కూడా సంకల్పంలో చెప్పి తీరాలి. సంస్కృతం రాకపోతే తెలుగులో చెప్పండి, శివుడికి తెలుస్తుంది.

రుద్రాక్షమాల 108 పూసలది. చూపుడువేలు తగలనివ్వకూడదు, మాల కొసన ఉండే మేరుపూస దాటకుండా మాలను వెనక్కి తిప్పుకోవాలి. ఊపిరి చాలకపోతే "పుష్టివర్ధనం" దగ్గర ఆగండి. వేగం పెరిగితే చివరి పాదం గొంతులోనే పోతుంది. అడిగేదంతా ఆ పాదంలోనే ఉంది మరి.

కర్పూరం, దీపాలు గుహ బయటే వెలిగించండి. మామూలు గాలిలో 21 శాతం ఉండే ఆక్సిజన్ థామ్ లువాంగ్‌లో పిల్లలున్న చోట 15 శాతానికి పడిపోయింది. గుప్తేశ్వరం అంత లోతైన గుహ కాదు, నిజమే. కానీ శివరాత్రినాడు ఇరుకుచోట వందలమంది ఊపిరి, వాళ్లతోపాటు మంటలు, పొగ! పసిపిల్లలూ ముసలివాళ్లూ సొమ్మసిల్లితే ఆ మెట్లమీదుగా మోసుకురావడం కష్టం.

జూలై 8 నుంచి 10లోపు పదముగ్గురూ బయటపడ్డారు. ఆ నెలలోనే పదకొండుమంది పిల్లలు, కోచ్ సమన్ స్మృతిగా కొద్దిరోజులు సన్యాసదీక్ష తీసుకున్నారు. మనమూ గండం గడవగానే మాల పక్కన పెట్టేయకూడదు. పోయినవారి పేరున మృత్యుంజయం కాదు, "నమః శివాయ" అనే పంచాక్షరి ఒక మాల జపించి, ఆ ఇంటికి చేతనైన సాయం అందించాలి.