నాన్న ఎముకల నొప్పికి ఇచ్చిన ఇంజెక్షన్

నాన్నకు 72 ఏళ్లు. ప్రోస్టేట్ క్యాన్సర్‌కు మందులు వాడుతున్న రెండో ఏడాది నడుం నొప్పి మొదలైంది. వయసు నొప్పే అనుకుని బామ్ రాస్తూ వచ్చాం. ఎక్స్‌రేలో ఏమీ కనపడలేదు. కానీ రాత్రిళ్లు మంచం మీద ఎడమ పక్కకు తిరగలేక మూలిగేవారు. డాక్టర్ గారు బోన్ స్కాన్ చేయించమంటే ఖమ్మం నుంచి హైదరాబాద్ వెళ్లాం.

ఫోన్‌లో అపాయింట్‌మెంట్ ఇచ్చినవాళ్లు పరగడుపున రమ్మన్నారు. షుగర్ ఉన్న మనిషి, తెల్లవారుజామున బస్సెక్కి పదకొండింటి దాకా ఏమీ తినలేదు. తీరా లోపలికెళ్తే, "దీనికి పరగడుపు అక్కర్లేదమ్మా" అన్నాడు టెక్నీషియన్. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. మీరెవరైనా వెళ్తుంటే ఈ ఒక్క మాటా ముందే గట్టిగా అడగండి.

సిరంజికి బరువైన లోహపు తొడుగు వేసి, చేతి నరానికి ఇంజెక్షన్ ఇచ్చారు. అందులో ఉండేది టెక్నీషియం-99ఎం అనే, రేడియేషన్ వెలువరించే పదార్థం. వెంటనే స్కాన్ తీయరు, మూడు గంటలు ఆగమన్నారు. ఎముక ఎక్కడ కొత్తగా పెరుగుతూ, మరమ్మతు చేసుకుంటూ ఉంటే అక్కడ ఈ మందు ఎక్కువగా పేరుకుంటుంది. ఎముకకు పట్టనిది మూత్రంలో పోతుంది. అందుకే నీళ్లు తాగిస్తూనే ఉన్నాను. ప్రతి 6 గంటలకూ దాని రేడియేషన్ సగానికి పడిపోతుందని విన్నాక టెన్షన్ కొంత తగ్గింది.

స్కాన్ చిత్రంలో వెన్నెముక మీద మూడుచోట్ల, తుంటి దగ్గర ఒకచోట నల్లటి మచ్చలు. రెండు మోకాళ్లూ నల్లగానే ఉన్నాయి. వాటిని చూసి నా గుండె జారిపోయింది. "మోకాళ్లవి అరుగుదల వల్లమ్మా, క్యాన్సర్ కాదు. భయమల్లా వెన్నెముక మీది మచ్చల గురించే" అన్నారు డాక్టర్. కీళ్ల అరుగుదల, పాత దెబ్బలు కూడా ఇలాగే కనపడతాయట. అందుకే రిపోర్ట్ చూసి మనమే ఏదో ఊహించుకోకూడదు.

నొప్పి మాత్రలు ఇక పనిచేయని దశలో సమేరియం-153 అనే మరో రేడియేషన్ మందు ఇంజెక్షన్‌గా ఇద్దామన్నారు. ఇదీ ఎముకలోని ఆ మచ్చల దగ్గరికే చేరుతుంది, కానీ దీని బీటా కిరణాలు కొద్ది మిల్లీమీటర్ల దూరంలోనే ఆగి, అక్కడే పనిచేస్తాయి. క్యాన్సర్ నయం కాదనీ, నొప్పి తగ్గించడానికేననీ ముందే స్పష్టంగా చెప్పారు. అలా చెప్పడం నాకు నచ్చింది. ప్లేట్‌లెట్లు, తెల్లకణాలు సరిపడా ఉన్నాయో లేదో రక్తపరీక్ష చేశారు. రెండు రోజులకే మందులోని రేడియేషన్ సగమైపోతుంది కాబట్టి, చెప్పిన రోజున తప్పకుండా రావాలన్నారు.

ఇంజెక్షన్ అయ్యాక మూత్రం కూర్చునే పోయాలి, రెండుసార్లు ఫ్లష్ చేయాలి. మూడేళ్ల మా బాబును కొన్నాళ్లు తాతయ్య ఒళ్లోకి వెళ్లనివ్వొద్దన్నారు. గుమ్మం దగ్గర నిలబడి "తాతా, నాతో కటీఫా?" అని వాడడిగితే నాన్న తల తిప్పుకున్నారు. ఆ రోజులే నాకు అన్నిటికంటే కష్టం.

మొదటి మూడు రోజులు నొప్పి ఇంకా పెరిగింది. ముందే చెప్పారు కాబట్టి తట్టుకున్నాం. తర్వాత రెండు నెలలు వారం వారం రక్తపరీక్ష.

పదో రోజు రాత్రి గదిలోంచి మూలుగు వినపడలేదు. భయపడి లేచి వెళ్లాను. నాన్న ఎడమ పక్కకు తిరిగి, చేయి తల కింద పెట్టుకుని నిద్రపోతున్నారు.