ఎర్త్ బోల్టు

మంగళవారం, రాత్రి 9 గంటలు

పొద్దున్నే అమ్మని పాలకొల్లు కంటి డాక్టరుకి చూపించాలి. కారు తాళం తిప్పితే ఎర్రలైట్లు వెలిగాయి. సెల్ఫ్ కొట్టగానే అన్నీ ఒక్కసారి ఆరిపోయాయి. టక్ మని చప్పుడు కూడా లేదు. అమ్మ అప్పటికే చీర మార్చుకుని అరుగు మీద కూర్చుంది. నాకు టెన్షన్ మొదలైంది.

నాన్న 1996లో కొన్న కారిది. పక్కింటి బాబాయ్ గోడ మీంచి చూసి, "బ్యాటరీ పోయిందిరా" అన్నాడు. పోయిన నెలలో ఇదే మాట విని కొత్త బ్యాటరీ వేయించాను. మళ్లీ అదే మాట నమ్మబుద్ధి కాలేదు.

వోల్టులు కొలిచే మల్టీమీటర్ తెచ్చి బ్యాటరీ మీద పెట్టాను. 12.6 వోల్టులు. నిండుగా ఉన్న బ్యాటరీకి ఉండాల్సిందే అది. కానీ ఏ పనీ పెట్టకుండా కొలిస్తే అసలు సంగతి తెలియదు. బాబాయ్ మనవణ్ణి సీట్లో కూర్చోబెట్టి హెడ్‌లైట్లు వెయ్యమన్నాను. బ్యాటరీ దగ్గర 12.3 ఉంది. లైటు సాకెట్ దగ్గర మాత్రం 8 చిల్లర. దారిలో ఎక్కడో నాలుగు వోల్టులు పోతున్నాయి.

ముందు ప్లస్ వైపు వెతికాను. ఫ్యూజులు, వైర్లు, తాళం వెనక జాయింట్లు, అన్నీ బాగానే ఉన్నాయి. అరగంట పోయింది. అప్పుడు గుర్తొచ్చింది, కరెంటు వెళ్తే సరిపోదు, తిరిగి రావాలి కూడా. మా కోనసీమలో ఇది చెప్పక్కర్లేదు. పంట కాలవ ఎంత బాగా పారినా, మురుగు కాలవ పూడుకుపోతే చేను మునిగినట్టే. కారులో ఆ తిరుగుదారి బాడీ రేకే.

లైట్లు వేసే ఉంచి, మీటరు ఒక పుల్ల బ్యాటరీ మైనస్ మీద, రెండోది బాడీ రేకు మీద పెట్టాను. అక్కడ సున్నాకి దగ్గరగా ఉండాలి. 3.9 చూపించింది! నా ఆనందం అంతా ఇంతా కాదు. నాలుగు వోల్టులూ అక్కడే దొరికాయి.

బ్యాటరీ ట్రే తీస్తే కనిపించింది. మైనస్ వైరు బాడీకి బిగించిన బోల్టు, అదే ఎర్త్ బోల్టు, దాని చుట్టూ తుప్పు, వైరు కొసకి పచ్చటి చిలుము. మాది అంతర్వేది వైపు ఊరు, ఉప్పుగాలి. షెడ్డు కాలవ గట్టు మీదే. అన్నేళ్ల తేమ ఆ ఒక్క జాయింటులో కూర్చుంది. మైనస్ టెర్మినల్ ముందు విప్పి, బోల్టు తీసి, రేకు మెరిసేదాకా ఉప్పుకాగితంతో రుద్దాను. గట్టిగా బిగించి పైన వాసలిన్ రాశాను. మళ్లీ కొలిస్తే 0.05.

సెల్ఫ్ ఒక్క తిప్పుకే అందుకుంది. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 14.1. బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ కూడా బాగుంది.

పోయిన నెల తీసి పక్కన పెట్టిన పాత బ్యాటరీని పాపం చూస్తే జాలేసింది. అది నాకెన్నడూ మోసం చెయ్యలేదు. రేపు ఛార్జ్ చేయించి ఇన్వర్టర్‌కి పనికొస్తుందేమో అడగాలి.

డాక్టరు దగ్గరికి ఆలస్యంగానే వెళ్లాం, అయినా చూశారు. తిరుగు ప్రయాణంలో చించినాడ వంతెన ఎక్కేసరికి చీకటి పడింది. హెడ్‌లైట్లు వేశాను. గోదావరి మీద ఇంత తెల్లటి వెలుగు ఈ కారుతో చూసి ఎన్నేళ్లయిందో. "నాన్న కొన్నప్పుడు ఇలాగే ఉండేవి రా" అంది అమ్మ.