జేజి జాడీలు

ప్రొద్దుటూరు దగ్గరి మా పల్లెలో, ఎనభై దాటిన మా జేజి పెరటి మిరపకాయలను, చింతకాయలను ఏడాదంతా నిలవ ఉండేలా ఎంత శ్రద్ధగా సిద్ధం చేస్తుందో చూడడం నాకెంతో ఇష్టం. మిరపకాయలకు గాటు పెట్టి, ఉప్పు కలిపిన పుల్లటి మజ్జిగలో రాత్రంతా నానబెట్టి, పగలు చాపమీద ఎండబెట్టి, సాయంత్రం మళ్ళీ అదే మజ్జిగలో వేస్తుంది. మజ్జిగంతా కాయలలోకి ఇంకిపోయేవరకు ఈ పని సాగుతుంది. ఉప్పు, పులుపు కాయను చెడనివ్వవు, మిగిలిన తేమను కడప ఎండ లాగేస్తుంది.

చింతకాయ తొక్కుకు మాత్రం ముదిరినా పండని కాయలే కావాలని ఆమె పట్టుబడుతుంది. "తడిచెయ్యి పెట్టొద్దు నాయనా, బూజు పడుతుంది" అని ప్రతిసారీ హెచ్చరిస్తుంది. నిరుటి తొక్కు రంగు నల్లబడినా రుచి ఏమాత్రం తగ్గలేదు. కొలతలన్నీ ఈసారి రాసుకున్నాను. ఉప్పును ఆమె పిడికిలితోనే కొలుస్తుంది కాబట్టి, ఆ పిడికెడునూ తూచి పుస్తకంలో చేర్చాను.