ఫాగ్‌లో ఇమేజ్ క్యాప్చర్ ఆగిపోతుంటే: ఒంగోలు ల్యాబ్‌లో నా అనుభవం

ఒంగోలులో ఒక కాలేజీ ల్యాబ్. ఒకే మోడల్ సిస్టమ్‌లు 40, అన్నింటిలో విండోస్ 11. ఒకదాంట్లో సాఫ్ట్‌వేర్‌లన్నీ వేసి, ఫాగ్ (డిస్క్‌ని నెట్‌వర్క్ మీదుగా వేరే సిస్టమ్‌లకి కాపీ చేసే ఉచిత సాఫ్ట్‌వేర్) సర్వర్‌లోకి ఇమేజ్, అంటే డిస్క్ మొత్తం కాపీ, తీసి (దీన్నే క్యాప్చర్ అంటారు), మిగతా 39కి పంపాలి. పీఎక్స్ఈ బూట్ (డిస్క్ నుంచి కాకుండా నెట్‌వర్క్ నుంచి లేవడం) బాగానే అయింది. చిక్కంతా క్యాప్చర్ దగ్గరే.

ముందు డిస్కే దొరకలేదంది ఫాగ్. బయోస్‌లో శాటా మోడ్ (డిస్క్‌తో సిస్టమ్ మాట్లాడే పద్ధతి) ఇంటెల్ ఆర్ఎస్‌టీలో ఉంటే ఎన్‌వీఎమ్ఈ డిస్క్ ఫాగ్ కంటపడదు, ఏహెచ్‌సీఐకి మార్చాలి. నేరుగా మారిస్తే విండోస్ బ్లూ స్క్రీన్ వేస్తుంది. ఎమ్ఎస్‌కాన్ఫిగ్‌లో సేఫ్ బూట్ టిక్ పెట్టి, రీస్టార్ట్‌లో బయోస్ మార్చి, సేఫ్ మోడ్‌లో ఒకసారి లేచాక టిక్ తీసేయాలి. బిట్‌లాకర్ (విండోస్ డిస్క్ ఎన్‌క్రిప్షన్) ఉంటే దాన్ని ఇంతకంటే ముందే తీయాలి, లేకపోతే రికవరీ కీ అడుగుతుంది. సస్పెండ్ చేస్తే చాలదు, డిస్క్‌లో డేటా ఎన్‌క్రిప్ట్ అయ్యే ఉంటుంది. ‘మేనేజ్-బీడీఈ -స్టేటస్’ కమాండ్‌లో ‘పూర్తిగా డీక్రిప్ట్’ అని వచ్చేదాకా ఆగండి.

ఎక్కువ సమయం తిన్నది రెండోది: విండోస్ హైబర్నేట్ అయి ఉంది, పార్టిషన్ ముట్టుకోను అంటుంది ఫాగ్. ఫాస్ట్ స్టార్టప్ ఉన్నంతకాలం షట్‌డౌన్ నొక్కినా విండోస్ పూర్తిగా ఆగదు. కెర్నెల్‌ని డిస్క్ మీద దాచి పడుకుంటుంది. ఆ స్థితిలో ఇమేజ్ కోసం పార్టిషన్ కుదిస్తే డేటా పాడవుతుంది కాబట్టి ఫాగ్ ఆగడమే మంచిది. అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో ‘పవర్‌సీఎఫ్‌జీ /హెచ్ ఆఫ్’ కొట్టి, తర్వాత ‘షట్‌డౌన్ /ఎస్ /టి 0’. ఇది సిస్‌ప్రెప్‌కి (విండోస్‌ని ఇమేజ్ తీయడానికి సిద్ధం చేసే టూల్) ముందే చేయాలి.

అయినా ఆగితే డర్టీ బిట్, అంటే డిస్క్‌ని సరిచూడాలని చెప్పే గుర్తు. మా వైపు ఎండాకాలంలో కరెంటు పోయి, యూపీఎస్ కూడా నిలబడకపోతే ఎన్‌టీఎఫ్ఎస్ (విండోస్ ఫైల్ సిస్టమ్) మీద ఆ గుర్తు పడుతుంది. ‘చెక్‌డిస్క్ సి: /ఎఫ్’ (chkdsk C: /f) ఇచ్చి, రెండుసార్లు రీస్టార్ట్ చేయండి. ఒక్కసారితో సరిపెట్టొద్దు.

మూడోది చివర్లో వస్తుంది. కాపీ 100 శాతం అయ్యాక ఎర్రర్. ఇమేజ్ మొదట సర్వర్‌లో ఇమేజెస్ ఫోల్డర్ కింది డెవ్‌లో, సిస్టమ్ మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డ్ నంబర్) పేరుతో పడుతుంది. అక్కణ్ణుంచి అసలు చోటికి జరిపేది ఎఫ్‌టీపీ (ఫైళ్లు పంపే పద్ధతి). సర్వర్ లినక్స్‌లో ఫాగ్ దీనికి వాడే ఫాగ్‌ప్రాజెక్ట్ యూజర్ పాస్‌వర్డ్ ఎవరైనా మారిస్తే ఆ పని కాదు. స్టోరేజ్ నోడ్ పేజీలోనూ, ఫాగ్‌సెట్టింగ్స్ ఫైల్‌లోనూ, లినక్స్‌లోనూ ఒకే పాస్‌వర్డ్ ఉండాలి. మళ్లీ క్యాప్చర్ చేయనక్కర్లేదు. డెవ్‌లోని ఆ ఫోల్డర్‌ని చేత్తో పైకి జరిపి, ఇమేజ్ పేరు పెడితే డిప్లాయ్‌కి (మిగతా సిస్టమ్‌లకి పంపడానికి) పనికొస్తుంది. డిప్లాయ్‌కి ముందు మిగతా 39 బయోస్‌లూ ఏహెచ్‌సీఐకి మార్చాను.