లెక్కలోకి రాని దూరం

హైదరాబాదులో ఇంటింటికీ తిండి పార్శిళ్లు చేరవేసి బతికే నాలాంటివారిని రోజుకు ఎంత వస్తుందని అందరూ అడుగుతారు గానీ, ఆ డబ్బు దేనికి వస్తుందో, దేనికి రాదో అడిగేవారు అరుదు. నేను పనిచేసే యాప్ హోటలుకు వెళ్లే దూరానికీ, అక్కడినుంచి కస్టమరు ఇంటికి వెళ్లే దూరానికీ లెక్క కడుతుంది. మిగతాదంతా నా నష్టం కిందికే పోతుంది.

అందులో పెద్దది తిరుగు ప్రయాణం. కొండాపూర్‌లో పార్శిల్ తీసుకుని కోకాపేటలో ఇచ్చాక, ఆ టవర్ల మధ్య ఆర్డర్లు తగిలేటన్ని హోటళ్లు లేవు కనుక, చాలాసార్లు ఖాళీ సంచితోనే వెనక్కి రావలసి వస్తుంది. దారిలో ఏదైనా తగలకపోతుందా అని బండిని నెమ్మదిగా నడుపుతాం. వెనకనుంచి హారన్ కొట్టే కారువారికి ఆ నెమ్మది ఎందుకో తెలియదు పాపం.

రెండోది నిరీక్షణ. రంజాన్ నెలలో ఇఫ్తార్ వేళ హలీం కౌంటరు ముందు నిలబడినవారికి దీని గురించి వేరే చెప్పనక్కరలేదు. గేటెడ్ కమ్యూనిటీల్లోనైతే పేరూ నంబరూ రాయించుకుని, ఫ్లాటువారు అనుమతించేదాకా ఆపి, బండి బయటే పెట్టించి, సర్వీస్ లిఫ్టులోనే వెళ్లమంటారు. సిమెంటు బస్తాలూ, చెత్త డబ్బాలూ, మేమూ ఎక్కవలసింది ఆ ఒక్క లిఫ్టే కావడంతో, పై అంతస్తుకు చేరే సమయం రోడ్డు మీద పట్టిన సమయాన్ని మించిన సందర్భాలున్నాయి. కాపలావారిని నేను తప్పుపట్టను. "ఏం చేయమంటావు అన్నా, అసోసియేషన్ ఊరుకోదు" అనే ఆ మనిషిదీ పొద్దంతా నిలబడే ఉద్యోగమే.

చట్టం మమ్మల్ని పూర్తిగా మరిచిపోయిందని అనలేను. 2023 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం గిగ్ కార్మికులకు, అంటే యాప్‌ల ద్వారా విడి పనులు చేసే మాలాంటివారికి, 5 లక్షల రూపాయల ప్రమాద బీమా ప్రకటించింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కేంద్ర చట్టం, సామాజిక భద్రతా కోడ్ ప్రకారం, కంపెనీలు వార్షిక టర్నోవరులో 1 నుంచి 2 శాతం, మాకు చెల్లించే మొత్తంలో 5 శాతానికి మించకుండా, సంక్షేమ నిధికి జమచేయాలి. ప్రమాదానికీ, అనారోగ్యానికీ, వృద్ధాప్యానికీ అవి అక్కరకు రావచ్చు. అయితే అదే కోడ్ మా పనిని సంప్రదాయ యజమాని-ఉద్యోగి సంబంధానికి వెలుపలిదిగా నిర్వచించింది. లిఫ్టు ముందు గడిచే గంట సంగతి అందులో లేదు.

వేచి ఉన్న నిమిషాలకు ఎంతో కొంత, ఖాళీగా తిరిగివచ్చే దూరానికి కనీసం పెట్రోలు ఖర్చు ఇవ్వాలన్నదే నేను కోరేది. దీన్ని లెక్కించడం కష్టమంటే నేను నమ్మను. నా ఫోను ఎక్కడ, ఎంతసేపు ఆగిందో జీపీఎస్ ద్వారా యాప్‌కు తెలుస్తూనే ఉంటుంది. ఆలస్యమవుతోందని నన్ను హెచ్చరించేది ఆ సమాచారంతోనే.